బిందువు 4417

మా ఆఫీసుకు గ్రాఫు వచ్చిన రోజున కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకు బొట్టు పెట్టారు.

అంతకు ముందు మాది గణాంక శాఖలో ఒక మూల గది. జిల్లాలో కోళ్ళెన్ని, బోరుబావుల లోతెంత, కొబ్బరిచెట్టుకు కాయలెన్ని అని లెక్కలు వేసి, ఎవరూ చదవని పుస్తకాలుగా అచ్చు వేయించేవాళ్ళం. మా పని వల్ల ఎవరికీ ఉపకారం లేదు, అపకారం అంతకన్నా లేదు. పైవాళ్ళకు ఈ రెండో సంగతి నచ్చలేదనుకుంటాను. ఒక శుభముహూర్తాన గదికి రంగు వేయించి, ఏసీ బిగించి, గుమ్మం మీద ‘ప్రాంతీయ ఆర్థిక సంబంధాల విశ్లేషణ కేంద్రం’ అని బోర్డు పెట్టారు. కోళ్ళ లెక్క చూసే నన్ను, గుబ్బల సత్యానందాన్ని, సీనియర్ విశ్లేషకుణ్ణి చేశారు. జూనియర్ విశ్లేషకులు ఎవరూ లేరు.

డిప్యూటీ డైరెక్టరుగా హైదరాబాదు నుంచి పసుమర్తి చిదంబరం గారు వచ్చారు. నిజాయితీపరుడు. ఎవరింటికీ వెళ్ళరు, ఎవరి చేతి టీ తాగరు. ముసలి తల్లితో కలిసి ఆఫీసు క్వార్టరులో దిగారు. మా కొత్తలంకపేట ఊరి మీద ఆయనకు ప్రేమా లేదు, కోపమూ లేదు. ఉన్నదల్లా గ్రాఫు మీద నమ్మకం.

గ్రాఫు అంటే పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. ప్రతి బ్యాంకు ఖాతా తెర మీద ఒక చుక్క. ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి డబ్బు వెళితే ఆ రెండు చుక్కల మధ్య ఒక గీత. డబ్బు ఎక్కువైతే గీత లావెక్కుతుంది. ఎక్కువ గీతలు వచ్చి తగిలే చుక్క ఉబ్బుతుంది. బాగా ఉబ్బిన చుక్క ఎవరిదో పట్టుకుంటే దొంగ దొరికినట్టే. అయితే ఎవరిదో చూడకూడదు. అక్కడుంది మెలిక. మాకు పంపిన నిబంధనల పుస్తకంలో తొమ్మిదో నిబంధన ఇది:

“విశ్లేషకుడు బిందువును మాత్రమే పరిశీలింపవలెను. బిందువు వెనుక గల వ్యక్తి యొక్క పేరు, వృత్తి, నివాసము తెలిసికొన ప్రయత్నింపరాదు. తెలిసికొన్నచో నిష్పాక్షికతకు భంగము వాటిల్లును.”

అందుచేత తెర మీద పేర్లుండవు. ప్రతి చుక్కకూ ఒక సంఖ్య, ఖాతా చివరి నాలుగు అంకెలు, డబ్బు వెళ్ళిన తేదీ, సమయం ఉంటాయి, ఒకే ఇంటి ఖాతాల చుట్టూ ఒక వలయం ఉంటుంది. అంతే.

మూడు వారాలు మేము చుక్కల్ని చూశాం. కిరాణా కొట్లు, పాలకేంద్రాలు, కరెంటు బిల్లులు అన్నీ ఉబ్బిన చుక్కలే. వాటి మీద చిదంబరం గారికి మనసు పోలేదు. నాలుగో వారంలో ఒకరోజు ఆయన కుర్చీలోంచి లేచి, తెరకు ముక్కు ఆనేంత దగ్గరగా వంగి, “సత్యానందం, దీన్ని చూడండి” అన్నారు.

బిందువు 4417. మూడేళ్ళలో 1,312 ఖాతాల నుంచి దానికి డబ్బు వచ్చింది. అందరూ సరిగ్గా మూడువేల ఐదువందలే పంపారు. రూపాయి ఎక్కువ లేదు, తక్కువ లేదు.

“చందా” అన్నారు చిదంబరం గారు. “సభ్యత్వ రుసుము. ఇప్పుడు అసలు సంగతి చూడండి. ఒక ఇంటి నుంచి రుసుము కట్టారా, నెలా రెండు నెలల్లో అదే ఇంట్లో ఒక ఖాతా మూతపడుతోంది. మూతపడిన ఖాతాలో సొమ్మంతా మిగతావాళ్ళ ఖాతాల్లోకి చేరిపోతోంది. కొన్నిచోట్ల బయటి నుంచి లక్షల్లో మొత్తం వచ్చి పడుతోంది. ప్రతి ఇంట్లో ఇదే వరస. ఎంత పకడ్బందీగా ఉందో చూశారా?”

“చూశానండి.”

“ఒకసారి కట్టినవాడు సాధారణంగా రెండోసారి కట్టడు. అంత భయం. ఎండాకాలంలో, చలికాలంలో ముఠా చురుగ్గా ఉంటుంది. వానాకాలం కొంత విశ్రాంతి. ఇంకో విశేషం. ఈ 1,312 మందీ మామూలుగా ఒకరికొకరు పైసా పంపుకోరు. పోయిన ఎన్నికల్లో పోటీపడ్డ రెండు పార్టీల ఖాతాలకూ చందాలిచ్చినవాళ్ళు ఇందులో సమానంగా ఉన్నారు. ఏ రెండు వీధులకూ పడని ఊళ్ళో ఇంతమంది ఒకే చోట కలిశారంటే ఏమనుకోవాలి? ఇంత ఐకమత్యం నేరప్రపంచంలో తప్ప ఇంకెక్కడా కనపడదు.”

ఆయన మాట్లాడుతుండగా నా చూపు తెర మీద ఎడమవైపు కింద ఉన్న ఒక సన్నటి గీత మీద పడింది. చివరి నాలుగు అంకెలు 0926. అది నా ఖాతా. తేదీ కార్తీక పౌర్ణమి మర్నాడు. సమయం పదకొండూ నలభై. ఆ సమయానికి నేనెక్కడున్నానో నాకు బాగా గుర్తుంది. కాలవగట్టు దగ్గర, తడిబట్టలతో, మా నాన్న చితి పక్కన నిలబడి ఉన్నాను.

బిందువు 4417 నూకరత్నం. మా ఊరి శ్మశానం కాపరి.

భర్త పోయాక ఎనిమిదేళ్ళుగా ఆవిడే కట్టెలు పేరుస్తుంది, చితి కూలకుండా రాత్రింబవళ్ళు చూసుకుంటుంది, మర్నాడు అస్థికలు ఏరి కుండలో పెట్టిస్తుంది. శ్మశానంలో నగదు తీసుకుంటే లంచం అవుతుందని మునిసిపాలిటీ వాళ్ళు మూడేళ్ళ కిందట ఆవిడ పేరున ఖాతా తెరిపించి, గుమ్మం దగ్గర స్కాన్ చేసే బోర్డు వేలాడదీశారు. కట్టెలతో కలిపి మూడువేల ఐదువందలు. ఫోనులో డబ్బు పడగానే మునిసిపాలిటీ కంప్యూటరు ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరుంటేనే మరణ ధ్రువపత్రం.

“సార్, ఈ బిందువు నాకు తెలుసండి. ఈవిడ...” అన్నాను.

చిదంబరం గారు రెండు చెవులూ మూసుకున్నారు. “చెప్పొద్దు! తొమ్మిదో నిబంధన! ఒక్కమాట కూడా చెప్పొద్దు!”

నేను ఆగాక చేతులు దించి, నావైపు కొత్తగా చూశారు. “మీకు తెలుసా? ఎలా తెలుసు?”

“ఈ గీత నాదేనండి. కిందటి కార్తీకంలో నేనూ కట్టాను.”

“మీ ఇంట్లో కూడా ఒక ఖాతా మూతపడిందా?”

“పడిందండి. మా నాన్నగారిది.”

“సొమ్ము మీకు వచ్చిందా?”

“పదకొండువేల చిల్లర వచ్చిందండి.”

ఆయన నన్ను చూసి జాలిపడ్డారని ఇప్పటికీ అనుకుంటాను. “మీరు నాకు నిజం చెప్పారు కాబట్టి మిమ్మల్ని కాపాడతాను” అని, నా చేతే ఒక కాగితం టైపు చేయించి సంతకం పెట్టమన్నారు. ‘బిందువు 4417ను గూర్చి నాకు తెలిసినది నాకు తెలియదని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను’ అని ఉంది అందులో. ప్రింటరు నడపడం నాకు తప్ప ఆ ఆఫీసులో ఎవరికీ రాదు. సంతకం పెట్టాను. ఉద్యోగం చేసేవాడు ఇంతకన్నా పెద్ద అబద్ధాల మీదే సంతకాలు పెడుతుంటాడని నన్ను నేను సముదాయించుకున్నాను. ఆ సముదాయింపు ఆ రాత్రి భోజనం దాకా పనిచేసింది.

మర్నాడు 4417 ఖాతాను స్తంభింపజేశారు.

ఆ మర్నాడు పొద్దున చేపల మార్కెట్టు వీధి నుంచి ఒక శవం వెళ్ళింది. కొడుకు స్కాన్ చేశాడు. డబ్బు వెళ్ళలేదు. ఇంకో ఫోనుతో చేశారు, వెళ్ళలేదు. పాడె మోసుకొచ్చిన నలుగురూ నాలుగు ఫోన్లతో ప్రయత్నించారు. నగదు ఇవ్వబోతే నూకరత్నం రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

“వద్దండి బాబూ. డబ్బు ముట్టుకుంటే ఈ పని కూడా పీకేత్తారు. ముందు కార్యం కానివ్వండి. మనిషిని ఎండలో ఎట్టుకుని కూకుంటామేటండీ?”

ఆవిడ తన దగ్గరున్న కట్టెలతో కార్యం జరిపించింది. ఆ వారం ఆరు శవాలకు అలాగే జరిపించింది. ఆ తర్వాత కట్టెలు అయిపోయాయి. కట్టెల అడితివాడు కొంత సరుకు ఇచ్చాడు కానీ, వాడి ఖాతాకు కూడా 4417తో గీత ఉండడంతో అదీ స్తంభించి, వాడి లారీలు రావడం ఆగిపోయింది. అప్పటి నుంచి జనం శవంతో పాటు కట్టెలు కూడా ఇళ్ళ నుంచే తెచ్చుకోవడం మొదలుపెట్టారు. విరిగిన మంచాలు, పాత తలుపులు, కొబ్బరిమొద్దులు. రిటైరైన తహసీల్దారు ఒకాయన్ని ఆయన సొంత టేకు బీరువాతో దహనం చేశారు. అందులో నలభయ్యేళ్ళ ఫైళ్ళుండేవనీ, అందుకే బాగా మండిందనీ చెప్పుకున్నారు.

డబ్బు పడక నంబరు రాలేదు. నంబరు లేక ధ్రువపత్రం రాలేదు. అరవై ఒక్క రోజులపాటు కొత్తలంకపేటలో అధికారికంగా ఒక్కరూ చనిపోలేదు. పోయిన పెన్షనర్లకు పెన్షన్లు పడుతూనే ఉన్నాయి. ఆరోగ్య శాఖవారు మా మునిసిపాలిటీకి ప్రశంసాపత్రం పంపారు. కమిషనరు దాన్ని ఫ్రేము కట్టించారు.

మా తెర మీద మాత్రం అద్భుతం జరిగింది. ధ్రువపత్రం లేకుండా చచ్చినవాడి ఖాతా మూయడానికి ఏ బ్యాంకూ ఒప్పుకోదు కదా. ఊళ్ళో ఖాతాలు మూతపడడం ఒక్కసారిగా ఆగిపోయింది.

చిదంబరం గారికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “చూశారా సత్యానందం? 4417ను స్తంభింపజేశాం. ఒక్క ఖాతా మూతపడలేదు. ఒక్కటి! ఇంతకన్నా రుజువేం కావాలి?”

రుజువు దొరికాక ఆగడం ఆయన స్వభావం కాదు. 4417కు డబ్బు పంపిన 1,312 ఖాతాలనూ ‘మొదటి మెట్టు’ అని పేరుపెట్టి వాటినీ స్తంభింపజేయించారు. నాదీ అందులోదే. మా ఆవిడ పాలవాడికి ఏం చెప్పాలో తెలియక మూడు రోజులు పెరటి గుమ్మంలోంచి తిరిగింది. ఆ 1,312లో ఒక ఖాతా నుంచి మాత్రం 37 గీతలున్నాయి. చిదంబరం గారు దానికి ‘ఏరియా ఏజెంటు’ అని ఎర్ర రంగు వేశారు. ఆ ఖాతా కానిస్టేబుల్ దొరబాబుది. రైలు కింద పడ్డవాళ్ళు, కాలవలో తేలినవాళ్ళు, ఎవరూ వెతుక్కుంటూ రానివాళ్ళు, వీళ్ళకు జీతంలోంచి రుసుము కట్టి కార్యం చేయించడం అతనికి అలవాటు. దొరబాబు మీద శాఖాపరమైన విచారణ పెట్టారు. “నీకూ ఆ ముప్ఫైయేడుగురికీ ఉన్న సంబంధమేమిటి?” అని అడిగితే అతను, “సంబంధం ఉన్నోళ్ళు రాలేదనే కదండీ నేను కట్టింది” అన్నాడట. జవాబు సంతృప్తికరంగా లేదని రాశారు.

ఇంతలో ముఖ్య కేంద్రం న్యాయ విభాగం నుంచి ఒక చిక్కు వచ్చింది. స్తంభింపజేసిన బిందువుకు తన వాదన చెప్పుకునే అవకాశం ఇవ్వాలట. ఇస్తే తొమ్మిదో నిబంధన పోతుంది, ఇవ్వకపోతే కోర్టు ఊరుకోదు. చిదంబరం గారు ఒక రాత్రి ఆలోచించి ప్లైవుడ్ తెప్పించారు. గది మధ్యలో నిలువెత్తు అడ్డం కట్టించి, అటువైపు ఒక స్టూలు వేయించారు. బిందువు వెనక గుమ్మంలోంచి వచ్చి అక్కడ కూర్చుంటుంది. ముఖం కనపడదు. పేరు, వృత్తి, ఊరు అడగడం ఉండదు.

నూకరత్నం వచ్చిన సంగతి ప్లైవుడ్ ఇటువైపు నుంచే నాకు తెలిసిపోయింది. గదిలో పొగవాసన వచ్చింది.

“బిందువు 4417 హాజరేనా?” అన్నారు చిదంబరం గారు.

“నా పేరు నూ...”

“పేరు చెప్పకూడదు! హాజరా, కాదా?”

“హాజరేనండి.”

“మీరు జనం దగ్గర తలా మూడువేల ఐదువందలు ఎందుకు తీసుకుంటున్నారు?”

“నేను శ్మశా...”

“వృత్తి చెప్పకూడదు!”

“మరేటి చెప్పాలండీ?” అంది ఆవిడ.

“అడిగినదానికే చెప్పండి. మీకు డబ్బు కట్టాక ఆ ఇంట్లో ఒక ఖాతా ఎందుకు మూతపడుతోంది?”

“కట్టాక మూతపడడం కాదండి. ఇంట్లో మనిషి లెక్క మూసుకుపోయాకే నా కాడికొత్తారండి.”

“రాసుకోండి. వరస క్రమం ఒప్పుకుంది” అన్నారు నాతో. మళ్ళీ అటు తిరిగి, “ఒకసారి వచ్చినవాళ్ళు మళ్ళీ ఎందుకు రావడం లేదు?”

“కొందరు వత్తారండి. పాపం, ఒకే ఏడు రెండుసార్లు వచ్చినోళ్ళూ ఉన్నారు. రాకూడదనే నేనూ దణ్ణం పెట్టుకుంటానండి.”

“ఎవరి వంతు ఎప్పుడొస్తుందో నిర్ణయించేది మీరేనా?”

“అమ్మమ్మ! నేనెవరినండీ! అది నా చేతిలో ఉంటాదేటి?”

“మరెవరి చేతిలో ఉంటుంది?”

“పైవాడి చేతిలోనండి.”

చిదంబరం గారి చేతిలో పెన్ను కిందపడింది. వంగి తీసుకుని, గొంతు తగ్గించి, “పైవాడు... అంటే మీ పైన ఒకడున్నాడన్నమాట” అన్నారు.

“అందరి పైనా ఉంటాడండి.”

“ఎక్కడుంటాడు?”

“ఇక్కడని చెప్పలేమండి. అంతటా ఉంటాడంటారు.”

“మీరెప్పుడైనా చూశారా?”

“ఎవరు చూశారండీ? మొక్కుకుంటాం. ఏటికోసారి ఇచ్చుకునేది ఇచ్చుకుంటాం.”

“ఏమిటి, డబ్బేనా? ఎలా పంపిస్తారు? ఖాతాలో లేదే?”

“ఖాతాలో ఎందుకేత్తామండీ? హుండీలో ఏత్తాం.”

హుండీ! దొంగ లావాదేవీలను పట్టుకునేవాళ్ళకు ఆ మాట వినపడితే చాలు, జన్మ ధన్యమైపోతుంది. చిట్టీ లేకుండా, పద్దు లేకుండా దేశాలు దాటించే దొంగ చెల్లింపులకు వాళ్ళ పరిభాషలో అదే పేరు. నేను నోరు తెరిచాను. చిదంబరం గారు నా ధ్రువపత్రం ఉన్న ఫైలు వైపు చూశారు. నోరు మూసుకున్నాను.

ఆ సాయంత్రమే నివేదిక వెళ్ళింది. ‘ముఠాకు పైవాడు అను అధిపతి కలడు. స్థిర నివాసము లేదు. సభ్యులు అతనిని చూడలేదు. చెల్లింపులు హుండీ మార్గమున.’ మూడో రోజుకు ముఖ్య కేంద్రం నుంచి అభినందనలు వచ్చాయి. పైవాణ్ణి పట్టుకోవడానికి ప్రత్యేక నిధి మంజూరైంది. చిదంబరం గారు ఆ నిధిలోంచి గ్రాఫును పన్నెండు అడుగుల ఫ్లెక్సీ మీద ముద్రించి ఆఫీసు ముందు కట్టించారు. మధ్యలో పెద్ద నల్లచుక్క, చుట్టూ వెయ్యికి పైగా గీతలు. దారినపోయే ముసలమ్మలు కొందరు అది సూర్యభగవానుడనుకుని దణ్ణం పెట్టుకున్నారు.

ఫ్లెక్సీ కట్టిన తొమ్మిదో రోజున చిదంబరం గారి తల్లి సుభద్రాయమ్మ గారు పోయారు. పొద్దున కాఫీ తాగి, పేపరు చూస్తూ, అలాగే కుర్చీలో వాలిపోయారు.

ఆయనకు ఊళ్ళో ఎవరూ తెలియదు. నాకు ఫోను చేసి, “సత్యానందం, అమ్మ...” అని ఆగిపోయారు. నేను వెళ్ళి పురోహితుణ్ణి పిలిచాను, బండి మాట్లాడాను. కట్టెలు మనమే తీసుకెళ్ళాలని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెప్పక తప్పదు కాబట్టి చెప్పాను.

“ఎందుకు? అక్కడ ఉండవా?”

“ఇప్పుడు ఉండడం లేదండి.”

ఎందుకు ఉండడం లేదో ఆయన అడగలేదు. ఇంట్లో ఉన్నవి ప్రభుత్వం ఇచ్చిన ఇనప మంచాలు. చివరికి మా పెరట్లో పడి ఉన్న పనస దుంగలు రెండూ, ఆఫీసులో విప్పి ఒక మూల పెట్టిన ప్లైవుడ్ అడ్డానికి వాడిన చెక్క చట్రమూ బండి మీద వేయించాను.

కాలవగట్టు దగ్గర నూకరత్నం ఎదురొచ్చింది. చింకి చీర కొంగు నడుముకు బిగించి, దుంగలు దింపుకుని, పొడుగువి కింద, పొట్టివి పైన చకచకా పేర్చింది. చిదంబరం గారు నిప్పు పట్టుకుని నిలబడ్డారు. కాళ్ళ వైపుకు వంగారు.

“కాళ్ళకాడ కాదండి, తలకాడ పెట్టండి బాబూ. అలా కాదు, ఇలా పట్టుకోండి” అని ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుని దారి చూపించింది.

ఆ గొంతు వినగానే ఆయన తల తిప్పారు. ఆవిడ ముఖం ఆయన అదివరకు చూడలేదు. గుమ్మం దగ్గర వేలాడుతున్న స్కాన్ బోర్డును చూశారు. దాని మీద కమిషనరు సంతకాన్ని చూశారు. మండుతున్న చితిని చూశారు. అప్పుడు నావైపు చూశారు. నేను నేల చూశాను.

చితి సగం కాలేదాకా ఆయన అక్కడే గట్టు మీద కూర్చున్నారు. లేచేటప్పుడు జేబులోంచి పర్సు తీసి, “ఎంత ఇవ్వాలమ్మా?” అన్నారు.

“ఖాతా ఆపేశారండి. డబ్బు చేత్తో ముట్టుకోకూడదండి. ఏం పర్వాలేదు, ఎల్లిరండి. రేపు ఏడింటికి అస్థికలకు రండి.” ఆవిడ ఆయన గొంతు గుర్తుపట్టిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. పట్టే ఉంటుంది. తలకొరివి పెట్టి నిలబడ్డవాణ్ణి పాత సంగతులు అడగడం ఆవిడ పద్ధతి కాదు.

పదమూడు రోజులు చిదంబరం గారు ఆఫీసుకు రాలేదు. వచ్చిన రోజున గుండుతో తిన్నగా కుర్చీలో కూర్చుని, ఒకే పేజీ నోటు స్వయంగా రాశారు. బిందువు 4417 నిర్దోషి, దానితో ముడిపడిన ఖాతాలన్నీ విడుదల చేయాలి. ఎందుకో రాయలేదు. రాస్తే వృత్తి రాయాలి, రాస్తే తొమ్మిదో నిబంధన పోతుంది.

“సార్, ఖాతా తెరుచుకోగానే అమ్మగారి తాలూకు రుసుము కట్టేస్తే...” అన్నాను.

“ఇరవై రెండో నిబంధన చూడండి. విడుదలకు సిఫారసు చేసే అధికారికి ఆ త్రైమాసికం ముగిసేదాకా ఆ బిందువుతో ఒక్క గీత కూడా ఉండకూడదు. ఈలోగా నేను కడితే ఈ నోటు చెల్లదు. ఆవిడ ఖాతా ఎప్పటికీ తెరుచుకోదు.” నోటు మీద సంతకం పెడుతూ, “నేను కట్టకూడదు సత్యానందం” అన్నారు. ఆ మాట ఆయనకు ఎంత చేదుగా ఉందో ముఖంలో కనపడింది.

పది రోజుల్లో ఖాతాలన్నీ తెరుచుకున్నాయి. ఆపిన రోజుల్లో జరిగిన మరణాలకు రుసుము నంబరు అక్కర్లేదనీ, ఒక ప్రమాణపత్రం ఇస్తే చాలనీ కమిషనరు ఉత్తర్వు ఇచ్చారు. అంటే ఎవరూ నూకరత్నానికి కట్టనక్కర్లేదు. అయినా ఆ వారంలో అరవై రెండు కుటుంబాలు కాలవగట్టుకు వచ్చి, స్కాన్ చేసి, మూడువేల ఐదువందలు కట్టి వెళ్ళాయి. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. తహసీల్దారు గారి కొడుకు, బీరువా తమదే అయినా, పూర్తి రుసుము కట్టాడు. దొరబాబు మీద విచారణ ఎత్తేశారు. మర్నాడే అతను ముప్ఫై ఎనిమిదోది కట్టాడు.

కథ ఇక్కడ సుఖంగా ముగియాలి. గ్రాఫు ఒకటి ఉందని మరిచిపోకూడదు.

త్రైమాసికం ముగియగానే ముఖ్య కేంద్రం నుంచి రిజిస్టరు పోస్టులో మెమో వచ్చింది. చిదంబరం గారు చదివి నాకు అందించారు.

“ఇటీవల మీ ప్రాంతమున ఏకకాలమున 63 ఖాతాలు మూతపడినవి. ఇందు 62 కుటుంబములు బిందువు 4417కు రుసుము చెల్లించినవి. ఒక్క కుటుంబము మాత్రము చెల్లింపలేదు. అది మీది. ముఠా ఎవని వద్ద రుసుము గైకొనదో అతడే ముఠాకు అధిపతి యగునని విశ్లేషణ సూత్రము. పైగా 4417ను విడుదల చేయించినదియు మీరే. మీ నివేదికలో పేర్కొనిన పైవాడు మీరే యని ఏల భావింపరాదో ఏడు దినములలో ఆన్‌లైనులో సంజాయిషీ ఇవ్వవలెను.”

సంజాయిషీ ఫారం తెరిచాం. ‘రుసుము మినహాయింపునకు కారణము’ అని ఉంది. పక్కన బాణం నొక్కితే జాబితా దిగింది. వాటా. లంచం. బెదిరింపు. రుణం. ముఠా సభ్యుల తగ్గింపు. ఈ ఐదింటిలో ఒకటి ఎంచుకుంటే గాని ముందుకు వెళ్ళదు.

“ఆవిడ జాలిపడి తీసుకోలేదు అని రాయడానికి చోటు లేదా?” అన్నారు.

వెతికాను. “లేదండి.”

ఆయన ఆ ఐదు మాటల్నీ పదేపదే చదివారు. ఉన్నట్టుండి లేచి, “పదండి, ఇప్పుడే వెళ్ళి కట్టేద్దాం” అన్నారు.

కాలవగట్టుకు వెళ్ళేసరికి నూకరత్నం బోర్డు మీద బూడిద తుడుస్తోంది. చిదంబరం గారు చెప్పులు విడిచి లోపలికి వచ్చి, ఫోను తీసి స్కాన్ చేశారు. మూడు, ఐదు, సున్న, సున్న నొక్కారు.

“ఎవరి పేరండీ?” అంది నూకరత్నం, సంచిలోంచి రసీదు పుస్తకం తీస్తూ.

“మా అమ్మగారిది. అప్పట్లో కట్టలేదు.”

“ఆ రోజుల లెక్క మునిసిపాలిటీవోళ్ళు మూసేశారండి. వారం కిందటిదాకా పాతవాటికి తీసుకున్నారు. ఇప్పుడు కడితే కొత్త నంబరొత్తాదండి. కొత్త నంబరంటే కొత్త మనిషి పేరు రాయాలి. మీ ఇంట్లో ఇంకెవరైనా...” అని నాలిక కరుచుకుంది. “తప్పండి. అట్టా అనకూడదు.”

చిదంబరం గారి బొటనవేలు ఫోను మీద ఆగిపోయింది. ఆయన మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. ఆ గ్రాఫును నాకన్నా బాగా చదవడం నేర్చినవాడు ఆయన. రుసుము కడితే నెలా రెండు నెలల్లో ఆ ఇంట్లో ఒక ఖాతా మూతపడాలి. మూతపడకపోతే అందుకు మళ్ళీ సంజాయిషీ. ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది ఆయన ఖాతా ఒక్కటే.

“ఏం చేయమంటారు సత్యానందం?” అన్నారు. ఇన్ని నెలల్లో ఆయన నన్ను అడిగిన మొదటి నిజమైన ప్రశ్న అది. జవాబున్నా, అది నాకు తెలియదని ఎప్పుడో సంతకం పెట్టేశాను.

వెనకనుంచి డప్పు చప్పుడు దగ్గరైంది. మలుపులో పాడె కనపడింది. నూకరత్నం కొంగు బిగించి, పలుగు అందుకుంది.

“కాత్త పక్కకు జరగండి బాబూ,” అంది ఆయనతో, “మనిషి వత్తన్నాడు.”